వాయుగుండం బలపడితే మనకు భయం, ధ్రువ సుడి బలహీనపడితే వాళ్లకు భయం

2021 ఫిబ్రవరి మూడో వారం. కావలిలో మా వీధిలో ఉండే పెద్దమ్మ పొద్దున్నే ఫోను పట్టుకుని మా గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆమె కొడుకు, కోడలు, ఇద్దరు మనవళ్లు డాలస్ పక్కన ఉంటారు. "అబ్బయ్యా, ఆడ కరెంటు పోయి రెండు రోజులయిందంట. కొళాయిలో నీళ్లు కూడా గడ్డ కట్టినాయంట. టీవీలో ఏందో ధ్రువ సుడిగుండం అంటుండారు. అది ఎప్పటికి తీరం దాటుద్దో చూసి చెప్పు" అంది.

తీరం దాటడం! ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన తీరంలో పుట్టి పెరిగిన వాళ్లకు సుడి, గుండం అన్న మాటలు చెవిన పడితే ఇంకో అర్థం తోచదు. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అని మెట్టు మెట్టుగా బలపడి, ఏదో ఒక రాత్రి తీరం దాటేదే మనకు తెలిసిన సుడి. అది బలపడుతోందంటే పడవలు ఒడ్డుకు లాక్కుంటాం, బలహీనపడిందంటే ఊపిరి పీల్చుకుంటాం. పెద్దమ్మ కూడా ఆ లెక్కనే అడిగింది. మన వార్తల్లో పోలార్ వోర్టెక్స్‌కు ధ్రువ సుడిగుండం అని తెలుగు చేసినప్పుడే సగం చిక్కు పడింది. ఆ రోజు ఆమెకు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇది.

ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ధ్రువ సుడి తుపాను కాదు. అది ఎక్కడో పుట్టి ఎక్కడికో నడిచి రాదు. ప్రతి ఏడూ శరదృతువులో ఉత్తర ధ్రువం నెత్తిన కట్టుకుని, చలికాలమంతా అక్కడే తిరిగి, వసంతంలో విడిపోతుంది. దక్షిణ ధ్రువానికీ ఒకటి ఉంది, అక్కడి చలికాలంలో. అది గట్టిగా తిరుగుతున్నంత కాలం ముప్పు తక్కువ. అది నీరసపడితే అమెరికాలోనూ ఐరోపాలోనూ చలి విరుచుకుపడే అవకాశం పెరుగుతుంది. అంటే మన వాయుగుండానికి ఇది పూర్తిగా తిరగబడ్డ లెక్క. ఇదొక్కటి మనసుకెక్కితే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది.

ఆ సుడి ఎట్లా కట్టుకుంటుందో చూద్దాం. సెప్టెంబరు చివర ఉత్తర ధ్రువంలో సూర్యుడు అస్తమిస్తే మళ్లీ మార్చిలోనే కనపడతాడు. మనం రోజూ పీల్చే గాలి, మేఘాలు, వానలు అన్నీ కింది పొరలో ఉంటాయి. దాని పైన ఇంచుమించు 10 నుంచి 50 కిలోమీటర్ల మధ్య ఉండేది స్ట్రాటోస్ఫియర్. ఓజోన్ ఎక్కువగా ఉండేది అందులోనే. ఎండ ఉన్నంతసేపు ఓజోన్ ఆ ఎండను మింగి ఆ పొరను వెచ్చగా ఉంచుతుంది. ధ్రువం మీద ఎండే లేకపోతే పొయ్యి ఆరిన వంటిల్లే. ఉన్న వేడి ఆకాశంలోకి పోతూ ఉంటుంది, కొత్త వేడి రాదు. నడి చలికాలానికి అక్కడ సున్నాకు 80 డిగ్రీలు కిందకు కూడా దిగుతుంది.

చల్లబడిన గాలి కుంచించుకుపోతుంది. ధ్రువం మీది గాలి అట్లా కిందికి కుదించుకుపోతే, దక్షిణాన వెచ్చగా ఉన్న గాలి ఇంకా ఎత్తుగానే నిలబడి ఉంటుంది. అందువల్ల నేల నుంచి ఒకే ఎత్తులో, 30 కిలోమీటర్ల దగ్గరనుకుందాం, ధ్రువం మీద పీడనం తక్కువగా, దక్షిణాన ఎక్కువగా ఉంటుంది. పీడనం ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి గాలి పరుగెత్తాలని చూస్తుంది. కానీ తిరిగే భూమి మీద, ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కుడి పక్కకు మళ్లుతుంది. ఉత్తరానికని బయల్దేరిన గాలి తూర్పుకు తిరిగి, ధ్రువం చుట్టూ వలయంగా పరుగెడుతుంది. మామూలు ఏడాది నడి శీతాకాలంలో ఆ వలయం వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటి ఉంటుంది.

30 కిలోమీటర్ల ఎత్తు అంటే ఎంతో మన జిల్లావాళ్లకు చెప్పడం తేలిక. డాబా ఎక్కి శ్రీహరికోట రాకెట్ చూసే అలవాటు మనకుంది గదా. నిప్పు కక్కుతూ లేచిన ఆ రాకెట్ రెండు నిమిషాలు తిరక్కుండానే ఆ ఎత్తు దాటిపోతుంది. మనవాళ్లు అమెరికా వెళ్లే విమానాలు ఎగిరేది 10, 12 కిలోమీటర్ల దగ్గర. ఆ రెండు ఎత్తులూ గుర్తుపెట్టుకోండి. ధ్రువ సుడి గురించిన గందరగోళం చాలా వరకు ఈ రెండూ కలిపేయడం వల్లే వచ్చింది.

పైన స్ట్రాటోస్ఫియర్‌లో తిరిగేది ఒక సుడి. కింద, విమానాల ఎత్తులో, మెలికలు తిరుగుతూ భూమిని చుట్టే గాలి నది ఇంకొకటి. దాని పేరు జెట్ స్ట్రీమ్. ఉత్తరాన ఉన్న చల్లగాలికీ దక్షిణాన ఉన్న వెచ్చని గాలికీ నడుమ గట్టులా ఉండేది ఈ జెట్ స్ట్రీమ్. అది తిన్నగా పారితే చలి ఉత్తరాన ఉంటుంది. పెద్ద మెలిక తిరిగి దక్షిణానికి వంగితే ఆ వంపులోకి ఉత్తరపు చల్లగాలి జారుతుంది. 2014 జనవరిలో అమెరికా గడ్డకట్టినప్పుడు పోలార్ వోర్టెక్స్ అన్న మాట ఇంటింటికీ పాకింది. నిజానికి ఆ మాట 1853 నాటికే అచ్చులో ఉంది. 2014లో జరిగిందేమో ముఖ్యంగా కింది మెలికల పని. ఆ శీతాకాలంలో పైసుడి విరిగిపోనే లేదు. అయినా జనం నోట ఆ పేరే నిలిచింది. అప్పటి నుంచి చలి ఎక్కువైన ప్రతిసారీ ఆ మాటే వాడేస్తున్నారు. ఇది సరికాదని నా గట్టి అభిప్రాయం. తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు అక్కడ ఉండే ఊళ్లలో మాట తప్పితే నిద్ర కూడా తప్పుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పైసుడి ఎందుకు నీరసపడుతుంది?

1952 శీతాకాలం చివర బెర్లిన్‌లో రిచర్డ్ షెర్హాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు పంపి పైగాలి కొలతలు చూస్తుంటే ఒక వింత కనపడింది. 30 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత ఉన్నట్టుండి ఎగబాకింది. నడి చలికాలంలో, ఎండే లేని చోట, కొద్ది రోజుల్లోనే పదుల డిగ్రీల వేడి! ఇలాంటి ఘట్టాల్లో 50 డిగ్రీల దాకా పెరగడం తర్వాత చాలాసార్లు నమోదైంది. దీన్ని సడన్ స్ట్రాటోస్ఫియరిక్ వార్మింగ్ అంటారు. ఆకస్మిక తాపం అందాం. పేరులో తాపం ఉన్నా అది పైనున్న తాపమే. దాని తర్వాత కింద నేల మీద వచ్చేది చలి.

ఆ వేడి ఎక్కడిదన్నది తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1971లో జపాన్ శాస్త్రవేత్త తారో మత్సునో సమాధానం చెప్పాడు. గాలి ఒక పెద్ద కొండల వరుసను గుద్దుకుంటే వేల కిలోమీటర్ల పొడుగున అలలు లేస్తాయి. నేలకూ సముద్రానికీ మధ్య వేడిలో తేడా ఉన్నచోట కూడా ఇవి లేస్తాయి. కార్ల్ గుస్టాఫ్ రాస్బీ పేరు మీద వీటిని రాస్బీ అలలు అంటారు. వీటిలో బాగా పెద్దవి పైకి కూడా పాకుతాయి. చలికాలంలో పైగాలి పడమటి నుంచి వీస్తున్నప్పుడే అవి పైకి ఎక్కగలవు. వేసవిలో పైగాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి దారి మూసుకుపోతుంది. ఎక్కిన అలలు స్ట్రాటోస్ఫియర్‌లో, మన మైపాడు ఒడ్డున అల విరిగినట్టే విరుగుతాయి. విరిగినప్పుడు ఆ వలయానికి ఎదురు తోపు తగులుతుంది. పరుగు మందగిస్తుంది. అలలు మరీ బలంగా, వరసగా వస్తే వలయం ఆగిపోయి వెనక్కి కూడా తిరుగుతుంది.

పరుగు తగ్గిన గాలి ధ్రువం వైపు జారి, కిందికి కుంగుతుంది. కుంగే గాలి నలుగుతుంది, నలిగితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చెయ్యి కాలేంత వేడెక్కడం మీకు గుర్తుండే ఉంటుంది. ధ్రువం మీద జరిగేది అదే, కాకపోతే ఖండమంత పంపు. ఎండ లేకుండా 50 డిగ్రీల తాపం వచ్చింది అందువల్లే. ఆ సమయంలోనే ఉష్ణమండలం నెత్తిన, అంటే మన వైపు, అదే ఎత్తులో గాలి పైకి లేచి కొంచెం చల్లబడుతుంది. నేల మీది మనకు అది తెలియదు. బెలూన్లకు, ఉపగ్రహాలకు తెలుస్తుంది.

60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, పీడనం నేల మీది దానిలో నూరో వంతుకు పడిపోయే ఎత్తున, పడమటి గాలి తూర్పు గాలిగా తిరగబడితే దాన్ని పెద్ద తాపం కింద లెక్కవేస్తారు. పదేళ్లలో సగటున ఆరు సార్లు అట్లా జరుగుతుంది. ఒక్కోసారి సుడి ధ్రువం మీంచి పక్కకు ఒరిగిపోతుంది. ఒక్కోసారి రెండు ముక్కలవుతుంది. దక్షిణార్ధంలో మాత్రం ఇట్లా పూర్తిగా తిరగబడింది నమోదైన కాలంలో ఒక్కసారే, 2002 సెప్టెంబరులో. అక్కడ అంటార్కిటికా చుట్టూ సముద్రమే ఎక్కువ. పెద్ద అలలు లేపే కొండల వరుసలు, ఖండాలు తక్కువ. అందుకే దక్షిణపు సుడి దిటవుగా తిరుగుతుంది. ఓజోన్ చిల్లు ఏటా అక్కడ పడడానికి ఆ దిటవైన చలి ఒక కారణం.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఉత్తరపు అలలు లేపే కొండల్లో అమెరికాలోని రాకీ పర్వతాలు ఉన్నాయి, మన హిమాలయాలూ టిబెట్ పీఠభూమీ ఉన్నాయి. సైబీరియా చలి తెలుగునేల దాకా రాకుండా అడ్డుపడుతున్నదీ ఆ హిమాలయాలే, వేల మైళ్ల అవతల ధ్రువ సుడిని కదిపే అలల్లో కొన్నిటిని లేపుతున్నదీ అవే.

పైసుడి చెదిరిన తర్వాత కింద ఏమవుతుంది? పైన 30 కిలోమీటర్ల దగ్గరున్న చలి ఊడిపడి నేలకు దిగుతుందని చాలామంది అనుకుంటారు. అది కాదు. ఆ గాలి అక్కడే ఉంటుంది. దిగేది దాని ప్రభావం. పైన నీరసం కొన్ని వారాల్లో మెల్లగా కిందికి పాకి, జెట్ స్ట్రీమ్‌ను దక్షిణానికి నెట్టి, మెలికలు పెంచుతుంది. అప్పుడు నేలనంటి ఉన్న ఉత్తరపు చల్లగాలి, కంచె తెగిన దొడ్డిలోంచి గొడ్లు చేలమీద పడ్డట్టు, దక్షిణానికి దిగుతుంది. ఏ చేను మీద పడుతుందో ముందే చెప్పలేం. ఒకసారి అమెరికా మధ్యభాగం, ఒకసారి ఐరోపా, ఒకసారి సైబీరియా. ఆ ప్రభావం నెల, రెండు నెలలు కూడా ఉండొచ్చు. ప్రతి తాపం తర్వాతా చలి విరుచుకుపడుతుందనీ లేదు. కొన్ని తాపాలు పైనే పుట్టి పైనే ఆగిపోతాయి.

2019 జనవరి మొదట్లో సుడి చీలింది. నెలాఖరున, జనవరి 30న షికాగోలో మైనస్ 31 డిగ్రీలు. 2018 ఫిబ్రవరి 12న తిరగబడింది, నెలాఖరుకు బ్రిటన్ మంచులో కూరుకుపోయింది. ఈ వరసలో మా పెద్దమ్మను వణికించింది 2021. ఆ ఏడు జనవరి 5న పైసుడి తిరగబడింది. ఫిబ్రవరి 16 పొద్దున డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 19 నమోదైంది. 1949 తర్వాత ఆ ఊరు అంత చలి చూడలేదు. జనవరి తాపానికీ ఫిబ్రవరి చలికీ సూటిగా ముడి వేయొచ్చా అన్నదానిపై శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. సుడి తెగిపోకుండా రబ్బరులా సాగి కెనడా వైపు వేలాడినప్పుడు కూడా అమెరికాకు చలి దిగుతుందని, ఫిబ్రవరిలో జరిగింది అదేనని కొందరి వాదన. ఆ వాదన నాకు సబబుగానే తోస్తుంది.

మైనస్ 19 అమెరికా ఉత్తరాన ఉండే మిన్నెసోటా వాళ్లకు ఏటా చూసేదే. డాలస్ ఉన్న టెక్సాస్‌లో ఇళ్లు వేడి బయటికి పోవడానికి కట్టినవి. నీళ్ల పైపులు అటకల్లోంచి, పలచటి గోడల్లోంచి పోతాయి. గడ్డకట్టిన నీళ్లు ఉబ్బి పైపులు పగిలాయి. గ్యాసు బావుల దగ్గర పరికరాలు బిగుసుకుపోయాయి, విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మూసిన గ్యారేజీలో కారు ఇంజన్ వేసుకుని వెచ్చగా కూర్చుని, ఆ పొగకు ప్రాణం వదిలినవాళ్లూ ఉన్నారు. మీ పిల్లలు అటువైపు ఉంటే ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి. బొగ్గుల కుంపటి, కారు, జనరేటరు, ఏదీ మూసిన గదిలో వెలిగించకూడదు.

ఇంకో చిన్న మాట. అక్కడి ఫోన్లలో కనపడేది ఫారన్‌హీట్. సున్నా ఫారన్‌హీట్ అంటే మన లెక్కన మైనస్ 18. పిల్లలు "ఇక్కడ ముప్ఫయ్ ఉంది" అంటే మన నెల్లూరు ముప్ఫయ్ అనుకోకండి. అది గడ్డకట్టే చలి. గాలి వీచినప్పుడు ఒంటికి అనిపించే చలిని విండ్ చిల్ అని వేరే అంకెగా చెబుతారు. టీవీల్లో గుండెలదిరేలా చూపించేది చాలాసార్లు ఆ అంకె. నిజమైన ఉష్ణోగ్రత అంత కింద ఉండదు.

సుడి గట్టిగా ఉంటే ఎట్లా ఉంటుందో 2020 చూపించింది. ఆ శీతాకాలంలో జనవరి నుంచి మార్చి దాకా ఉత్తరపు సుడి ఎన్నడూ లేనంత బలంగా తిరిగింది. చలి అంతా ఉత్తరానే కట్టుబడి ఉంది. ఐరోపాలో చాలా చోట్ల చలికాలం చలి లేకుండానే గడిచింది. ధ్రువం మీద మాత్రం పైపొర ఎంత చల్లబడిందంటే, వసంతం వచ్చేసరికి ఉత్తర ధ్రువం మీద కూడా ఓజోన్ భారీగా తరిగిపోయింది.

మరి మన సంగతేమిటి? జనవరిలో ఢిల్లీ గజగజలాడితే, వెంటనే ధ్రువ సుడి భారతదేశానికి వచ్చేసిందని వీడియోలు తిరుగుతాయి. ఢిల్లీ చలికి ముఖ్య కారణాలు వేరు. మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు హిమాలయాల మీద మంచు కురిపించి పోతాయి. వాటి వెనక వాయవ్యం నుంచి చల్లటి పొడిగాలి దిగుతుంది. గంగా మైదానంలో పొగమంచు పగటి ఎండను నేలకు తగలనీయదు. సుడి మార్పులకూ వీటికీ దూరపు చుట్టరికం ఉండొచ్చు గానీ, అదే తిన్నగా వచ్చి మీద పడిందనడం తప్పు.

నెల్లూరికి వస్తే ఆ దూరపు చుట్టరికం కూడా పలచనైపోతుంది. మనకు చలికాలం ముందు భాగమంతా వానాకాలమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. మన ఏడాది వానలో పెద్ద వాటా ఆ మూడు నెలలదే. ఆ కాలంలో మనం చూసుకోవాల్సింది బంగాళాఖాతాన్ని. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు వైపు రహదారి తెగినా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరాన్ని ఒరుసుకుంటూ పోయి బాపట్ల దగ్గర దాటినా, అది బంగాళాఖాతం పని. ధ్రువానికి వాటితో నిమిత్తం లేదు.

వానలు వెనకబడ్డాక పుష్యమాసంలో కాస్త చలి. తెల్లవారుజామున 20 డిగ్రీల దరిదాపుల్లోకి దిగితే మఫ్లర్లు బయటికొస్తాయి. ఆ చలి ఎక్కడినుంచో రాదు, ఇక్కడే తయారవుతుంది. మబ్బు లేని రాత్రి, పొడిగాలి, వీచని గాలి ఈ మూడూ కలిస్తే, పగలు నేల దాచుకున్న వేడి తెల్లారేలోపు ఆకాశంలోకి పోతుంది. అందుకే ఉదయగిరి వైపు, మార్కాపురం, గిద్దలూరు వైపు చలి కోతగా ఉంటుంది. సముద్రం పక్కనున్న ఊళ్లలో సముద్రమే నెగడు. ఆ కొద్ది డిగ్రీల చలి మనిషికి దుప్పటితో సరిపోతుంది గానీ, రొయ్యల చెరువుకు సరిపోదు. నీళ్లు చల్లబడితే రొయ్య మేత తగ్గిస్తుంది, వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు భయం పెరుగుతుంది. చెరువు రైతు జనవరిలో చూడాల్సింది మబ్బు లేని రాత్రులను, నీళ్లలో పెట్టిన థర్మామీటరును.

అయితే మన ఆకాశానికీ ఆ సుడికీ ఒక ముడి ఉంది, ఎవరూ ఊహించని వైపు నుంచి. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు దాని దుమ్ము భూమధ్యరేఖ పైన ఎత్తున తూర్పు నుంచి పడమరకు భూమిని చుట్టింది. తర్వాత బెలూన్లు ఎగరేసి చూస్తే ఒక్కోసారి అదే ఎత్తులో గాలి పడమటి నుంచి వీస్తోంది. 1960 ప్రాంతంలో తేలిందేమిటంటే, భూమధ్యరేఖకు అటూ ఇటూ స్ట్రాటోస్ఫియర్ గాలి సుమారు 28 నెలలకొకసారి దిక్కు మార్చుకుని మళ్లీ మొదటికి వస్తుంది. తిరుపతి అవతల గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనశాల రాడార్లతో, బెలూన్లతో పరిశీలించే పైగాలుల్లో ఈ ఊగిసలాట కూడా ఒకటి. ఆ గాలి తూర్పు నుంచి వీస్తున్న శీతాకాలాల్లో ధ్రువ సుడి నీరసంగా ఉండే అవకాశం ఎక్కువని 1980లో హోల్టన్, టాన్ అనే ఇద్దరు చూపించారు. పైకి పాకే అలలు ఉష్ణమండలం వైపు పోలేక ధ్రువం వైపు మళ్లి, సుడినే గుద్దుతాయని వాళ్ల వివరణ. అంటే ధ్రువం నుంచి మనకు చలి రాదు గానీ, మన నెత్తిన వీచే గాలి దిక్కును బట్టి డాలస్ చలి కొంత మారొచ్చు.

భూమి వేడెక్కుతుంటే ఇంత చలేమిటని అడిగేవాళ్లకు ఒక మాట. ఒక వారం చలి ఒక చోటిది, వేడెక్కడం భూమంతటిది, దశాబ్దాలది. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం తక్కిన భూమి కంటే దాదాపు నాలుగింతల వేగంతో వేడెక్కుతోంది. దాని వల్ల సుడి బలహీనపడుతోందా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా గట్టి వాదనే. సముద్రపు మంచు కరగడం వల్ల అలలు పెరుగుతున్నాయని కొందరంటారు, ఇంత కొద్ది ఏళ్ల రికార్డుతో తేల్చలేమని మరికొందరంటారు. చలిగాలులు మొత్తం మీద తగ్గుతున్నాయన్నది మాత్రం కొలతల్లో కనపడుతున్నదే.

పెద్దమ్మ ఇప్పుడు కూడా డిసెంబరు నుంచి వార్తలు వింటుంది. ఆకస్మిక తాపం మాట వినపడితే నన్ను అడుగుతుంది. వెంటనే భయపడొద్దంటాను. రెండు మూడు వారాలు ఆగి, వాళ్ల ఊరి వాతావరణ శాఖ ఏం చెబుతుందో పిల్లలనే చూడమని, నాలుగు రోజులకు సరిపడా నీళ్లు, మందులు, పైపులకు చుట్టే గుడ్డలు సిద్ధం చేసుకోమని చెప్పమంటాను. మార్చి వచ్చి, ధ్రువం మీద సూర్యుడు మళ్లీ పొడిచి ఓజోన్ వేడెక్కాక సుడి దానంతటదే విడిపోతుంది. శివరాత్రికి మన చలి శివశివా అంటూ పోయిన కొన్ని వారాలకు అక్కడ పైగాలి తూర్పు గాలిగా తిరగబడుతుంది. "ఇంక బలపడదులే అంటివి గదా, మంచిదేనా?" అని పోయినసారి అడిగింది. ఇంక దానికి బలం ఉన్నా లేకున్నా ఒకటే, సెప్టెంబరు దాకా అది ఉండదని చెప్పాను.